ఒరిజినల్ ఫైల్ అడిగి తీసుకోండి

పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి ఆఖరి బాకీ తీర్చే రోజున ఆల్బమ్ ఒక్కటే చంకన పెట్టుకుని వెళ్లిపోకండి. కెమెరా కార్డులో పడ్డవి పడ్డట్టే ఉన్న ఫైళ్లు కూడా అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో పంపినవి కాదు. రంగులు దిద్ది, సైజు తగ్గించి, పేజీల్లో అతికించినవీ కాదు. ఒరిజినల్ ఫైళ్లు. తెనాలిలో 30 ఏళ్లకు పైగా స్టూడియో నడుపుతున్నవాణ్ణి. ఈ మాట నా తోటి ఫొటోగ్రాఫర్లలో కొందరికి నచ్చదని తెలుసు. ఫొటోలు తీయించుకునే పార్టీలు గట్టిగా అడగడం మొదలుపెడితే తప్ప మా వృత్తిలో ఈ అలవాటు రాదని నమ్మి రాస్తున్నాను.

డిజిటల్ ఫొటో ప్రతిదాని లోపలా కంటికి కనిపించని చీటీ ఒకటి ఉంటుంది. ఏ కంపెనీ కెమెరా, ఏ మోడల్, అపర్చర్ ఎంత, షట్టర్ స్పీడ్ ఎంత, ఐఎస్ఓ ఎంత, ఫ్లాష్ వెలిగిందా లేదా, కెమెరా అడ్డంగా పట్టుకున్నారా నిలువుగానా, ఏ తేదీన ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు బటన్ నొక్కారు, ఇవన్నీ కెమెరాయే రాసి ఫైల్లో పెట్టేస్తుంది. ఫోనైతే, లొకేషన్ ఆన్‌లో ఉంటే, నిలబడ్డ చోటి అక్షాంశ రేఖాంశాలు కూడా రాస్తుంది. దీన్ని ఎగ్జిఫ్ అంటారు. జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1995లో దీనికి మొదటి ప్రమాణం తెచ్చింది. అప్పటి నుంచి కెనాన్ అయినా నికాన్ అయినా, వంద రకాల ఫోన్లయినా ఒకే పద్ధతిలో రాస్తున్నాయి కాబట్టే ఏ కంప్యూటర్లో తెరిచినా వివరాలు చదవగలుగుతున్నాం. జేపెగ్ ఫైల్లో దీనికి కేటాయించిన చోటు 64 కిలోబైట్లకు మించదు. పది మెగాబైట్ల ఫొటోలో అదొక మూలకు కూడా రాదు.

ఆ చీటీ ఏం చెబుతుందో ఒక ఉదాహరణ చూడండి. మాఘమాసం, తెల్లవారుజాము ముహూర్తం. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలో తీసిన ఫొటో. వివరాలు ఇలా ఉన్నాయి: నికాన్ డీ750, 85 ఎంఎం లెన్స్, ఎఫ్ 2, సెకనులో 160వ వంతు, ఐఎస్ఓ 3200, ఫ్లాష్ వెలగలేదు, సమయం 3 గంటల 42 నిమిషాల 16 సెకన్లు. ఈ ఒక్క వరుస చదివితే ఆ మండపం నాకు కళ్ల ముందుకొస్తుంది. ఐఎస్ఓ అంత పెంచారంటే వెలుతురు తక్కువ. వీడియో తీసే అతని లైటు వేరే వైపు తిరిగి ఉండాలి. ఎఫ్ 2 పెట్టారంటే వెనకాల నిలబడ్డ మేనత్తలూ పిన్నులూ మసకగా కరిగిపోయి, ఇద్దరి ముఖాలే తేలి ఉంటాయి. 85 ఎంఎం అంటే ఫొటోగ్రాఫర్ పురోహితుడి నెత్తిమీదకు ఎక్కకుండా కాస్త దూరం నుంచి తీశాడు. ఫ్లాష్ వేయలేదంటే ఆ క్షణాన్ని చెదరగొట్టకూడదనుకున్నాడు. అతని నిర్ణయాలన్నీ అందులో ఉన్నాయి. ఇక ఆ సెకన్లు: అమ్మాయి తల మీద అబ్బాయి చెయ్యి పడింది సరిగ్గా సుముహూర్తానికేనా అని ఏ తాతగారైనా అడిగితే, శుభలేఖ పక్కన పెట్టి చూపించవచ్చు.

చూడటం కష్టమేమీ కాదు. విండోస్ కంప్యూటర్లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ అనే చోట చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ ఫొటోస్ తెరిచి బొమ్మను పైకి జరిపితే కింద నుంచి వస్తాయి. ఐఫోన్లో 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి ఇలాగే కనిపిస్తున్నాయి. ఇంకా లోతుగా చూడాలనుకునేవాళ్లకు ఎగ్జిఫ్‌టూల్ ఉంది. కెనడాకు చెందిన ఫిల్ హార్వీ దీన్ని 2003లో విడుదల చేసి, నాటి నుంచీ ఉచితంగానే ఇస్తున్నారు. మామూలు సాఫ్ట్‌వేర్లు చూపించని వివరాలు కూడా అది బయటికి తీస్తుంది. కంపెనీలు తమ సొంత లెక్కల కోసం రాసుకునే భాగంతో సహా. కోఠీ గుజరాతీ గల్లీలో సెకండ్‌హ్యాండ్ కెమెరా బాడీ కొనబోయే కుర్రాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. ఆ కెమెరాతో అక్కడికక్కడ ఒక ఫొటో తీసి, ఫైలు తెచ్చి తెరిచి చూడండి. చాలా మోడళ్లలో షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టిందో ఆ భాగంలోనే ఉంటుంది.

ఫొటోతో పాటు దాని వివరం ఉండాలన్న ఆలోచన డిజిటల్‌తో పుట్టింది కాదు. కోడాక్ కంపెనీ 1914లో ఆటోగ్రాఫిక్ అనే కెమెరాలు తెచ్చింది. వెనక చిన్న తలుపు, పక్కన ఒక లోహపు పుల్ల. ఫొటో తీశాక తలుపు తెరిచి, ఆ పుల్లతో ఊరూ తేదీ రాస్తే ఫిల్మ్ అంచున అచ్చుపడేది. హెన్రీ గైస్‌మన్ అనే ఆయన కనిపెట్టిన ఆ పద్ధతికి జార్జ్ ఈస్ట్‌మన్ ఏకంగా 3 లక్షల డాలర్లు ఇచ్చాడు. ఆ రోజుల్లో అది ఎంత సొమ్మో ఊహించండి. తేదీకీ ఊరికీ అంత విలువ ఉందని ఈస్ట్‌మన్‌కి అర్థమైంది.

మన దగ్గర ఆ పని రిజిస్టర్ చేసేది. మా నాన్నగారి కాలంలో ప్రతి నెగెటివ్‌కీ ఒక నంబరు. బటర్ పేపర్ కవర్లో నెగెటివ్, కవరు మీద నంబరు, రిజిస్టర్లో ఆ నంబరుకు ఎదురుగా పార్టీ పేరు, తేదీ, ఊరు. ప్రింటు వెనకాల పెన్సిల్‌తో అదే నంబరు. తండ్రి పోయాక ఫ్రేము కట్టించుకోవడానికి కొడుకు పాత ప్రింటు పట్టుకుని వచ్చేవాడు. నాన్నగారు ముందు ముఖం చూసేవారు కాదు, వెనక్కి తిప్పి నంబరు చూసేవారు. కాసేపటికి నెగెటివ్ బల్ల మీద ఉండేది. అంతకు చాలా ముందే సికింద్రాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ స్టూడియో గాజు పలకల నెగెటివ్‌లకు వరుసగా నంబర్లు వేసుకుంది. ఆయన 1905లో కన్నుమూశారు. ఆయన నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి. ఈ రోజు మనం వాటిని చూసి ఇది ఫలానా కోట, ఫలానా దర్బారు అని చెప్పుకోగలుగుతున్నామంటే, బొమ్మతో పాటు నంబరూ పేరూ కూడా భద్రంగా ఉండబట్టే.

ఆ వివరం లేకపోతే ఏమవుతుందో ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ఒక ఫొటో చెబుతుంది. ప్రపంచంలో అందరికన్నా శ్రద్ధగా ఎక్స్‌పోజర్ లెక్క కట్టిన ఫొటోగ్రాఫర్ ఎవరంటే నేను ఆయన పేరే చెబుతాను. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం. ఒక సాయంత్రం కారులో శాంటా ఫే వైపు తిరిగి వస్తూ హెర్నాండెజ్ అనే చిన్న ఊరి పక్కన వెళ్తున్నాడు. తూర్పున చంద్రుడు లేచి ఉన్నాడు. పడమట దిగుతున్న పొద్దు ఆఖరి వెలుతురు ఊరి శ్మశానంలో తెల్ల శిలువల మీద పడుతోంది. కారు ఆపి, ఆదరాబాదరాగా 8 బై 10 అంగుళాల పెద్ద కెమెరా బిగించాడు. వెలుతురు కొలిచే మీటరు ఎంత వెతికినా దొరకలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అన్నది మాత్రం ఆయనకు గుర్తుంది. ఆ ఒక్క అంకె మీద లెక్క కట్టుకుని, ఫిల్టర్ వేసి, ఎఫ్ 32 దగ్గర ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. రెండో ఫొటో కోసం హోల్డర్ తిప్పేలోపే శిలువల మీది వెలుతురు పోయింది. ఉన్నది ఆ ఒక్క నెగెటివే. ‘మూన్‌రైజ్’గా లోకమంతా ఎరిగిన ఫొటో అది.

ఎఫ్ 32, ఒక సెకను, 250 క్యాండిల్స్. ఇవన్నీ ఆయనకు నాలుక చివర ఉన్నాయి. తేదీ మాత్రం లేదు. ఏ సంవత్సరమో కూడా నిలకడగా చెప్పలేకపోయాడు. ఒకచోట 1940 అని, మరోచోట 1944 అని, మధ్యలో సంవత్సరాలూ వేరువేరు చోట్ల వేసుకుంటూ వచ్చాడు. చివరికి ఆ ఫొటో తేదీ తేల్చడానికి ఖగోళ శాస్త్రం తెలిసినవాళ్లు దిగాల్సి వచ్చింది. ఫొటోగ్రఫీ చరిత్రకారుడు బోమాంట్ న్యూహాల్ అడిగితే కొలరాడోలోని బౌల్డర్ నుంచి డేవిడ్ ఎల్మోర్ చంద్రుడి స్థానాన్ని బట్టి లెక్క వేసి, 1941 అక్టోబరు 31, సాయంత్రం 4 గంటల 3 నిమిషాలు అన్నాడు. ‘స్కై అండ్ టెలిస్కోప్’ పత్రికకు చెందిన డెనిస్ డి చికోకు ఆ లెక్క కుదరలేదు. ఆడమ్స్ కెమెరా నిలబెట్టిన చోటు సరిగ్గా ఎక్కడో మళ్లీ తేల్చి, కొత్తగా లెక్కించి, 1991లో ప్రకటించాడు: 1941 నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాల 20 సెకన్లు. అప్పటికి ఆడమ్స్ పోయి ఏడేళ్లయింది. తన ఫొటో పుట్టిన రోజు సరిగ్గా ఏదో తెలియకుండానే ఆయన వెళ్లిపోయాడు.

అందులో చంద్రుడున్నాడు కాబట్టి తేదీ దొరికింది. మీ అమ్మమ్మ అరుగు మీద కూర్చుని ఆవకాయకు ముక్కలు కొడుతున్న ఫొటోలో చంద్రుడు ఉండడు. ఆ తేదీ కోసం ఏ శాస్త్రవేత్తా రాడు. ఆ వివరం మీ ఫోను అప్పటికప్పుడు రాసి పెట్టింది. దాన్ని చెరిపేస్తున్నది మనమే.

ఎలా చెరుపుతున్నామంటే, వాట్సాప్‌లో మామూలుగా పంపడం వల్ల. ఫొటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గిస్తుంది, లోపలి వివరాలు దాదాపు అన్నీ తీసేస్తుంది. అందుకున్నవాళ్ల ఫోన్లో కనిపించే తేదీ పంపిన రోజుది, తీసిన రోజుది కాదు. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. రెండు బటన్ల మధ్య తేడా అంతే. కానీ ఇంటింటా జరుగుతున్నదేమిటి? అన్నయ్య ఫోన్లో తీసిన బారసాల ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పడతాయి, అందరూ దించుకుంటారు, అన్నయ్య ఫోను మారుస్తాడు, ఒరిజినల్స్ పోతాయి. మిగిలినవి గ్రూపువే. ఇంకో ఇరవై ఏళ్లకు ఆ పిల్ల పెళ్లికి స్లైడ్ షో చేయడానికి మా స్టూడియోకు వాటిని తెస్తారు. ఏది బారసాల, ఏది అన్నప్రాసన అని ఇంట్లోవాళ్లే వాదించుకుంటారు. ఈ వాదన నా కౌంటరు ముందు ఇప్పటికే నడుస్తోంది. 1975 నాటి నలుపు తెలుపు ప్రింటుకు వెనకాల పెన్సిల్ నంబరుంది. 2019 ఫొటోకు ఏమీ లేదు.

విజయవాడ సింగ్‌నగర్ గుర్తు తెచ్చుకోండి. 2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు పొంగి ఇళ్లలోకి వచ్చింది. నీళ్లు ఏ ఇంట్లో ఏ మెట్టు దాకా వచ్చాయో, ఏ పూట తీశాయో, వేలమంది ఫోన్లలో ఫొటోలుగా ఉంది. ఏ వీధిలో ఎన్ని గంటలకు నీరెంత ఎత్తున ఉందన్నది రేపు కాలువ గట్లు కట్టే ఇంజనీర్లకు పనికొచ్చే సమాచారం. ఒరిజినల్ ఫైళ్లు దాచుకున్నవాళ్ల దగ్గర సమయంతో సహా అది ఉంటుంది. ఫార్వర్డ్ అయి తిరిగినవాటిలో నీళ్లు మాత్రమే ఉంటాయి. ప్రతి వరదకీ ఎక్కడివో పాత ఫొటోలు కొత్తవిగా తిరుగుతాయి కదా, వాటిని ఇట్టే పట్టుకోలేకపోవడానికి ఒక కారణం కూడా ఇదే. అసలువీ, పాతవీ అన్నీ వివరం పోయాకే మన చేతికొస్తున్నాయి.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఈ వివరాలు ఉన్నంత మాత్రాన ఫొటో నిజమని తేలిపోదు. తేదీ మార్చడం ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో నిమిషం పని. వివరాలు లేవు కాబట్టి ఫొటో దొంగది అనడానికీ లేదు, వాట్సాప్ తీసేసి ఉండవచ్చు. చట్టం అందుకే ఇంకో దారి పట్టింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఫొటో లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఫైలు మొత్తాన్ని లెక్కకట్టి తీసే ఒక పొడవాటి సంఖ్య అది. ఫైల్లో ఒక్క చుక్క మారినా సంఖ్య మారిపోతుంది. వాట్సాప్ కుదించి పంపిన కాపీ హ్యాష్, మీ ఫోన్లోని ఒరిజినల్ హ్యాష్ ఎప్పటికీ ఒకటి కావు. పొలం గట్టు తగాదా అయినా, ప్రమాదం కేసు అయినా, ఫోను మార్చే ముందు ఒరిజినల్‌ను దాచుకోవడం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి లొకేషన్‌తో సహా ఫొటో తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు. పలుగు పట్టి మట్టి తవ్వే కూలీ కూలి డబ్బులు ఫొటో లోపలి వివరాల మీద ఆధారపడ్డ రోజుల్లో, ఆ వివరాలు ఏమిటో, ఎక్కడ చూడాలో ఆ కూలీకీ తెలియాలి. హైస్కూల్లో కంప్యూటర్ పాఠంగా ఒక్క పీరియడ్ చెబితే చాలు.

కెమెరా కంపెనీలు మరింత గట్టి ఏర్పాటు మొదలుపెట్టాయి. ఫొటో తీసిన క్షణంలోనే కెమెరా దానికి డిజిటల్ సంతకం పెడుతుంది. తర్వాత ఎవరు ఏం మార్చినా తెలిసిపోతుంది. అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ వంటివి 2021లో ఒక కూటమిగా ఏర్పడి తయారుచేసిన ప్రమాణం ఇది. 2023లో లైకా ఎం11-పీ అనే మోడల్ ఈ సౌకర్యంతో వచ్చిన మొదటి కెమెరా. దాని ధర మన ఊరి స్టూడియోలకు అందేది కాదు, మామూలు కెమెరాల్లోకి దిగడానికి సమయం పడుతుంది.

లొకేషన్ సంగతి వేరు. ఇక్కడ జాగ్రత్త తప్పదు. 2012 డిసెంబరులో జాన్ మెకఫీ అనే సాఫ్ట్‌వేర్ వ్యాపారి బెలీజ్ దేశపు పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నాడు. ఆయన వెంట ఉన్న వైస్ పత్రికవాళ్లు ఆయనతో తీసిన ఫొటో ఒకటి తమ సైట్‌లో పెట్టారు. ఐఫోన్‌తో తీసిన ఆ ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు అలాగే ఉండిపోయాయి. ఆయన గ్వాటెమాలాలో ఉన్నాడని లోకానికి తెలిసిపోయింది. మన ఇళ్లలోకి వస్తే, ఆడపిల్ల గదిలో తీసుకున్న ఫొటో లొకేషన్‌తో సహా ఎవరికి పడితే వాళ్లకు వెళ్లకూడదు. పాత మంచం అమ్ముతామని ప్రకటన పెట్టేటప్పుడు కూడా ఇంటి చిరునామా ఫొటోలో వెళ్లిపోతుంది. బయటికి పంపే కాపీలో లొకేషన్ తీసేయండి. పంపేముందు ఆ ఎంపిక చాలా ఫోన్లలో ఉంది. ఫేస్‌బుక్, వాట్సాప్ వివరాలు తీసేయడం వల్ల ఈ మేరకు మేలే జరుగుతోంది, దాన్ని నేను కాదనను. నేనడిగేది ఇంట్లో దాచుకునే ప్రతి గురించి. బయటికి వెళ్లేది ఎంత తేలికగా వెళ్లినా సరే, బీరువాలో ఉండేది నిండుగా ఉండాలి.

ఫొటోగ్రఫీ నేర్చుకునే పిల్లలకు దీన్ని మించిన గురువు లేదు. కిందటి సంక్రాంతికి కబడ్డీ పోటీలు తీసుకొచ్చి ఒక కుర్రాడు చూపించాడు. ‘‘మాస్టారూ, అన్నీ షేక్ అయ్యాయి, చెయ్యి కుదరట్లేదు’’ అన్నాడు. ‘‘చేతిని తర్వాత చూద్దాం, ముందు ఫైలు తెరువు’’ అన్నాను. 200 ఎంఎం, ఎఫ్ 5.6, సెకనులో 40వ వంతు, ఐఎస్ఓ 400. ‘‘సెకనులో 40వ వంతుకు కూతకొచ్చినవాడు నిలుస్తాడంట్రా? సాయంత్రం వెలుతురు తగ్గింది, నువ్వు ఐఎస్ఓ 400 దగ్గరే ఉంచేశావు. 3200కి పెంచితే అదే వెలుతురులో 320వ వంతు వచ్చేది.’’ ఎనిమిది రెట్లు అటు పెంచితే ఎనిమిది రెట్లు ఇటు దొరుకుతుందని వాడే వేళ్ల మీద లెక్క కట్టుకున్నాడు. తప్పు చేతిది కాదని తెలిసినప్పుడు ఆ ముఖం వెలిగింది. ఫిల్మ్ రోజుల్లో ఈ లెక్క తెలియాలంటే జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి ఫొటోకీ రాసుకోవాలి; ఫిల్మ్ కడిగి వచ్చేసరికి ఏ వరుస ఏ ఫ్రేముదో కలిసిపోయేది. ఇప్పుడు తప్పు పక్కనే కారణం రాసి ఉంటుంది.

అయితే పెద్ద ఫొటోగ్రాఫర్ల సెట్టింగులు చూసి అవే అంకెలు తమ కెమెరాలో పెట్టేసే అలవాటు కొందరికి అబ్బింది. ఆ అంకెలు ఆ రోజు వెలుతురుకు ఇచ్చిన జవాబు. మీ ఎదురుగా ఉన్న వెలుతురు వేరు. వాళ్లవి చదవండి, ఎందుకలా పెట్టారో ఆలోచించండి, మీవి మీరు పెట్టుకోండి.

వివరం ఎంత విలువైనదో కెమెరా గడియారం అంత ముఖ్యం. మా వృత్తిలో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. పెళ్లికి ఇద్దరు ముగ్గురు కెమెరాలు పడతారు. ఆల్బమ్ డిజైనర్ అన్ని ఫైళ్లూ ఒకచోట పోసి తీసిన సమయం ప్రకారం వరుస పెడతాడు. ఒక కెమెరా గడియారం పావుగంట వెనక ఉంటే తలంబ్రాల మధ్యలో జీలకర్ర-బెల్లం వచ్చి కూర్చుంటుంది. నెలల తరబడి వాడకుండా మూలన పడేసిన కెమెరాలో గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ కూడా అయిపోతుంది. తెరిచేసరికి తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తుంది, ఓకే నొక్కి పని మొదలుపెడతారు. డాలస్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు అన్నయ్య తన కెమెరా గడియారం మార్చకుండా తీస్తే, మాఘమాసంలో మన ముహూర్తపు 3 గంటల 42 నిమిషాలు అందులో ముందురోజు మధ్యాహ్నం 4 గంటల 12 నిమిషాలుగా పడుతుంది. ఏ దేశపు సమయమో రాసుకునే చోటు కూడా 2016లో వచ్చిన సవరణ దాకా ఎగ్జిఫ్‌లో లేదు. మా స్టూడియోలో కార్డు పెట్టగానే అందరి కెమెరాలూ ఒక ఫోను గడియారం పక్కన పెట్టి, సెకన్లు నడుస్తున్న ఆ తెరనే అందరూ ఒక్కో ఫొటో తీస్తారు. తర్వాత తేడా వచ్చినా, ఆ ఫొటోను బట్టి మొత్తం సరిచేయవచ్చు.

ఇంట్లోని పాత ప్రింట్లు స్కాన్ చేయించేవాళ్లకు ఒక మాట. స్కాన్ చేసిన ఫైల్లో పడేది స్కాన్ చేసిన తేదీ. అది వదిలేస్తే 1968 పెళ్లి 2025 పెళ్లి అవుతుంది. తెలిసిన తేదీ, ఊరు, అందులో ఎవరెవరున్నారో ఆ ఫైలు లోపలే శీర్షికగా రాయించండి. చాలాకాలం ఎగ్జిఫ్‌లో అక్షరాలు రాసే గదుల్లో ఎక్కువవాటిలో ఇంగ్లిషు లిపికే చోటుండేది. 2023లో వచ్చిన 3.0 ప్రమాణం ప్రపంచ లిపులన్నిటికీ దారి తెరిచింది. పత్రికలవాళ్లు వాడే శీర్షికల పద్ధతిలోనూ, అడోబీ తెచ్చిన ఎక్స్‌ఎంపీలోనూ అంతకుముందే వీలుంది. ‘ఎడమ నుంచి రెండో ఆమె పెద్దమ్మ’ అని తెలుగులోనే రాయవచ్చు. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే కూర్చోబెట్టి అడగాలి.

ఇక నా తోటివాళ్ల అభ్యంతరం. ఒరిజినల్స్ ఇస్తే పార్టీ ఇంకోచోట ఆల్బమ్ చేయించుకుంటుందని భయం. దిద్దని ఫొటోలు చూస్తే మన పనితనం తక్కువగా కనిపిస్తుందని ఇంకో భయం. రెండోదాన్ని నేను అర్థం చేసుకోగలను, రా ఫైళ్లు (కెమెరా ఏమీ దిద్దకుండా దాచే ముడి ఫైళ్లు) ఇవ్వాలా వద్దా అన్నది ముందే మాట్లాడుకోవచ్చు; జేపెగ్‌లు మాత్రం తేదీ, ఎక్స్‌పోజర్ వివరాలతో సహా ఇవ్వాల్సిందే. మొదటిదానికి చట్టమే జవాబు చెబుతోంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. వాళ్ల ఫొటో వాళ్లకిస్తూ అందులోని తేదీని మన దగ్గర ఆపుకోవడానికి కారణమేముంది? ఆల్బమ్ పని మనదగ్గరే ఉండాలంటే ఆల్బమ్ బాగా చేయాలి. నాన్నగారి రిజిస్టర్ చూసి మా కౌంటరుకు తిరిగి వచ్చిన కుటుంబాలు మూడు తరాలుగా వస్తూనే ఉన్నాయి.

ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఊరూరా మన సంఘాలు ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డగేర్ పటానికి దండ వేసి, సీనియర్లకు శాలువాలు కప్పుతాయి. ఈసారి ఆ పటం పక్కన ఒక బల్ల, ఒక కంప్యూటర్, తెరిచిన ఎగ్జిఫ్‌టూల్ పెడదాం. దారిన పోయేవాళ్లను పిలిచి వాళ్ల ఫోన్లో ఫొటో వివరాలు ఎక్కడుంటాయో చూపిద్దాం, డాక్యుమెంట్‌గా పంపడం నేర్పుదాం. మన సభ్యుల రసీదు పుస్తకాల్లో ‘వివరాలతో సహా ఒరిజినల్ జేపెగ్ ఫైళ్లు ఇవ్వబడును’ అన్న వరుసను ఆ రోజు నుంచి అచ్చు వేయిద్దాం. కెమెరాలు తెచ్చుకోండి, గడియారాలు అక్కడే సరిచేసుకుని వెళ్దాం.